చిరునామా ఎవరి చేతిలో ఉంది: క్లౌడ్ సర్వర్ల మధ్య ఫ్లోటింగ్ ఐపీ ఫెయిలోవర్

సభకు నమస్కారం.

రెండు క్లౌడ్ సర్వర్లు పెట్టుకుని, వాటి ముందు ఒకే ఫ్లోటింగ్ ఐపీని, అంటే ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మార్చగల ఇంటర్నెట్ చిరునామాను ఉంచి, ఒకటి పడిపోతే రెండోది ఆ చిరునామాను అందుకునే ఏర్పాటు, అంటే ఫెయిలోవర్ గురించి ఈ పూట మాట్లాడతాను. మీలో చాలామంది ఇలాంటిది ఇప్పటికే నడుపుతున్నారు కాబట్టి ఇన్‌స్టాల్ చేసే పద్ధతి జోలికి పోకుండా, అది ఎక్కడ దెబ్బతింటుందో దాని మీదే నిలబడతాను. క్లౌడ్‌లో ఒక చిరునామా ఏ సర్వర్‌కు చెందుతుందో చివరికి తేల్చేది ప్రొవైడర్ (క్లౌడ్ సేవ అందించే సంస్థ) దగ్గరున్న పట్టిక. ఆ సంగతి పట్టించుకోకుండా సొంత డేటా సెంటర్ అలవాటుతో రాసిన ఫెయిలోవర్ మామూలు రోజుల్లో చక్కగా నడుస్తుంది, అసలు అవసరం పడిన రోజున చేతులెత్తేస్తుంది.

ముందు పాత పద్ధతిని గుర్తు చేసుకుందాం. 1998లో మొదటిసారి ప్రమాణంగా వెలువడిన వీఆర్‌ఆర్‌పీ (ఒకే చిరునామాను కొన్ని యంత్రాలు పంచుకునే నియమావళి) ప్రకారం మాస్టర్‌గా ఉన్న, అంటే ప్రస్తుతం చిరునామాను మోస్తున్న యంత్రం, ఒకేసారి అనేక యంత్రాలకు చేరే 224.0.0.18 అనే మల్టీకాస్ట్ చిరునామాకు సెకనుకొకసారి ‘నేను ఉన్నాను’ అని ప్రకటన పంపుతూ ఉంటుంది. బ్యాకప్ యంత్రం మూడు ప్రకటనల కాలం, దానిపైన తన ప్రయారిటీని బట్టి మరికొంత సమయం ఎదురుచూస్తుంది. ప్రయారిటీ 100 అయితే ఆ మొత్తం 3.6 సెకన్లు. అప్పటికీ ప్రకటన రాకపోతే తానే మాస్టర్‌నని ప్రకటించుకుని, చిరునామాను తన నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ మీద పెట్టుకుని, గ్రాట్యుటస్ ఏఆర్‌పీ, అంటే ‘ఈ చిరునామా ఇప్పుడు నా దగ్గర ఉంది’ అని ఎవరూ అడగకుండానే చేసే చాటింపు పంపుతుంది. స్విచ్‌లు, పక్క యంత్రాలు దాన్ని విని దారి మార్చుకుంటాయి. లినక్స్‌లో ఈ పని చేసిపెట్టే కీపలైవ్‌డి అనే ప్రోగ్రామ్ చాలా ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తోంది.

ఇదే కీపలైవ్‌డిని క్లౌడ్‌లో పెట్టగానే రెండు చిక్కులు ఎదురవుతాయి. చాలా క్లౌడ్ నెట్‌వర్కులు మల్టీకాస్ట్‌ను దాటనివ్వవు. దీనికి మందు సులువే: ఎదుటి సర్వర్ చిరునామా రాసి ప్రకటనలను యూనికాస్ట్‌గా, అంటే నేరుగా దానికే పంపించవచ్చు. రెండో చిక్కు లోతైనది. క్లౌడ్‌లో ప్యాకెట్ ఏ సర్వర్‌కు పోవాలో మన ఏఆర్‌పీ తేల్చదు, ప్రొవైడర్ సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ తేలుస్తుంది. ఇంటి గోడ మీద నంబరు పలక మనమే మార్చుకున్నా పోస్ట్‌మ్యాన్ చేతిలోని జాబితా మారనట్టే, సర్వర్ తన ఇంటర్‌ఫేస్ మీద చిరునామా రాసుకున్నంత మాత్రాన ట్రాఫిక్ దానికి రాదు. అందుకే సర్వర్ మాస్టర్‌గా మారిన క్షణంలో ఒక స్క్రిప్ట్ నడిచి, ప్రొవైడర్ ఏపీఐని (ప్రోగ్రామ్‌లు విన్నపాలు పంపే ద్వారాన్ని) పిలిచి, ‘ఈ చిరునామాను నాకు కట్టబెట్టు’ అని అడగాలి.

ఆ కట్టబెట్టడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అమెజాన్ క్లౌడ్‌లో ఫ్లోటింగ్ ఐపీ పని చేసే ఎలాస్టిక్ ఐపీ విషయంలో, పబ్లిక్ చిరునామాను ప్రైవేట్ చిరునామాగా మార్చే పని ఇంటర్నెట్ గేట్‌వే దగ్గరే జరిగిపోతుంది, సర్వర్‌కు తన ప్రైవేట్ చిరునామా తప్ప మరేమీ కనిపించదు. హెట్జ్‌నర్ అనే మరో ప్రొవైడర్ దగ్గర ప్యాకెట్ ఫ్లోటింగ్ ఐపీ పేరు మీదే సర్వర్ దాకా వస్తుంది కాబట్టి ఆ చిరునామా సర్వర్ ఇంటర్‌ఫేస్ మీద కూడా ఉండాలి. ఈ రెండో రకంలో చిరునామాను రెండు సర్వర్ల మీదా శాశ్వతంగా రాసి ఉంచి, బదిలీ పనిని ఏపీఐ ఒక్కదానికే వదిలేయడం మేలని నా అభిప్రాయం. కదిలే భాగాలు ఎంత తక్కువైతే తప్పిపోయే సందర్భాలు అంత తక్కువ. అయితే ఒక జాగ్రత్త అవసరం: అలా రాసి ఉన్న సర్వర్ నుంచే ఆ చిరునామాను పరీక్షిస్తే, ట్రాఫిక్ బయట ఎక్కడికి పోతున్నా సరే, ఆ సర్వర్ తనకు తానే జవాబు చెప్పుకుంటుంది. కాబట్టి ఫ్లోటింగ్ ఐపీ పనిచేస్తోందా లేదా అని చూసే యంత్రం ఈ రెండింటికీ బయట ఉండి తీరాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ‘అ’ అనే సర్వర్ ప్రయారిటీ 150తో మాస్టర్‌గా ఉంది, ‘ఆ’ అనే సర్వర్ ప్రయారిటీ 100తో బ్యాకప్‌గా ఉంది అనుకుందాం. రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి, కానీ వాటి మధ్య నెట్‌వర్క్ ఓ పది సెకన్లు తెగింది. ప్రకటనలు ఆగిపోగానే ‘ఆ’ తానే మాస్టర్‌నని నిర్ణయించుకుని ఏపీఐని పిలిచింది, చిరునామా ‘ఆ’కు మారింది. ‘అ’కు ఈ సంగతేమీ తెలియదు, అది మొదటినుంచీ మాస్టరే. నెట్‌వర్క్ తిరిగి కలిసింది. ‘అ’ ప్రయారిటీ ఎక్కువ కాబట్టి ‘ఆ’ మర్యాదగా బ్యాకప్‌గా దిగిపోయింది. ఇప్పుడు చూడండి: ‘అ’ స్థితి ఎన్నడూ మారలేదు కాబట్టి మాస్టర్‌గా మారినప్పుడు నడవాల్సిన స్క్రిప్ట్ ‘అ’ మీద నడవనే లేదు. మాస్టర్ ‘అ’, పట్టికలో చిరునామా మాత్రం ‘ఆ’ది. బ్యాకప్‌గా దిగేటప్పుడు హెచ్‌ఏప్రాక్సీని (వచ్చే ట్రాఫిక్‌ను వెనక సర్వర్లకు పంచే ప్రోగ్రామ్‌ను) ఆపేయమని మీరు స్క్రిప్ట్ రాసి ఉంటే, ట్రాఫిక్ అంతా సేవలు ఆగిపోయిన సర్వర్‌కు చేరుతుంది. రెండు యంత్రాల లాగ్‌లూ అంతా సవ్యంగా ఉందనే చెబుతాయి. లాగ్ చూసి సమాధానపడిన మనిషికి సమస్య ఎప్పటికీ దొరకదు.

సొంత డేటా సెంటర్‌లో ఇదే పరిస్థితి తలెత్తితే, తక్కువ ప్రయారిటీ ప్రకటన చెవిన పడగానే ‘అ’ మళ్లీ ఏఆర్‌పీ పంపి సరిదిద్దుకోగలదు. క్లౌడ్‌లో ఆ సరిదిద్దే పనిని మనం విడిగా రాయాలి. మాస్టర్‌కు తక్కువ ప్రయారిటీ ప్రకటన అందినప్పుడు ప్రత్యేకంగా ఒక స్క్రిప్ట్ నడిపే వీలు కీపలైవ్‌డిలో ఉంది. మాస్టర్‌గా మారినప్పుడు నడిచే స్క్రిప్ట్‌నే అక్కడా తగిలించాలి. పాత మాస్టర్ తిరిగి లేచి వచ్చి కుర్చీ లాక్కోకుండా ఉండేందుకు పెట్టే నోప్రీఎంప్ట్ అమరిక మంచిదే, కానీ ఈ చిక్కుకు అది మందు కాదు, ఎందుకంటే ఇక్కడ ‘అ’ ఎన్నడూ దిగిపోలేదు.

నేను అంతకన్నా గట్టిగా కోరేది ఒక చిన్న కాపలా ప్రోగ్రామ్. తాను మాస్టర్‌నని నమ్ముతున్న సర్వర్ 10 సెకన్లకొకసారి ఏపీఐని ‘చిరునామా ఎవరి దగ్గర ఉంది’ అని అడగాలి, జవాబు తన పేరు కాకపోతే తనవైపు మార్చుకోవాలి. రెండు సర్వర్లూ అడిగినా గంటకు 720 విన్నపాలు అవుతాయి. హెట్జ్‌నర్ ఒక ప్రాజెక్టుకు మామూలుగా అనుమతించే గంటకు 3600తో పోలిస్తే ఇది భరించదగినదే. అయితే విడిపోయిన నెట్‌వర్క్‌లో రెండూ మాస్టర్లమని నమ్మితే, చిరునామా అటూ ఇటూ బంతిలా ఎగురుతుంది. కాబట్టి లాక్కునే ముందు బయటి మూడో యంత్రం సాక్ష్యం తీసుకోవడం, ఒకసారి లాక్కున్నాక కొంత వ్యవధి ఆగడం తప్పనిసరి.

ఆరోగ్య పరీక్ష గురించి కొద్దిగా చెబుతాను. హెచ్‌ఏప్రాక్సీ ప్రాసెస్ బతికి ఉందా అని చూడటం పరీక్ష కిందికి రాదు. డిస్క్ నిండిపోయినా, వెనక డేటాబేస్ పోయినా ఆ ప్రాసెస్ కనిపిస్తూనే ఉంటుంది. నిజమైన పేజీ ఒకటి అడిగి, సరైన జవాబు వచ్చిందో లేదో చూడాలి. ఒక్కసారి తప్పితే బదిలీ చేయకుండా, వరుసగా రెండు మూడుసార్లు తప్పితేనే చేయాలి.

చిరునామా మారింది కదా అని కనెక్షన్లు దానితోపాటు రావు. కొత్త సర్వర్‌కు పాత టీసీపీ సంభాషణల సంగతి తెలియదు కాబట్టి, క్లయింట్ ఏదైనా పంపగానే రీసెట్, అంటే ‘ఈ కనెక్షన్ లేదు’ అనే జవాబు వస్తుంది, క్లయింట్ మళ్లీ కలుస్తుంది. ఇది మంచి సందర్భం. ఏమీ పంపకుండా జవాబు కోసం మౌనంగా కూర్చున్న క్లయింట్ పరిస్థితి వేరు. లినక్స్‌లో టీసీపీ కీప్‌అలైవ్ (అవతలివైపు ఇంకా ఉందా అని పలకరించే ఏర్పాటు) ఆన్ చేసి ఉన్నా అది మొదటి పలకరింపు పంపడానికి మామూలుగా 7200 సెకన్లు, అంటే రెండు గంటలు ఆగుతుంది. ఫెయిలోవర్ అయిదు సెకన్లలో పూర్తయినా కొన్ని అప్లికేషన్లు గంటల తరబడి వేలాడేది ఇందుకే. ఈ గడువును సర్వర్ వైపు కాదు, క్లయింట్ వైపు తగ్గించాలి.

ఏపీఐని పిలవడానికి తాళంచెవి లాంటి టోకెన్ విషయంలోనూ గట్టిగా ఉండాలి. అమెజాన్‌లో చిరునామా మార్చడానికి మాత్రమే సరిపడే పాత్రను (అనుమతుల మూటను) సర్వర్‌కు ఇవ్వవచ్చు. హెట్జ్‌నర్‌లో రాసే అనుమతి ఉన్న టోకెన్ మొత్తం ప్రాజెక్టుకు వర్తిస్తుంది, అది దొంగ చేతికి చిక్కితే సర్వర్లన్నీ తుడిచిపెట్టవచ్చు. ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడి ట్రాఫిక్ పంచే లోడ్ బ్యాలెన్సర్ మీద అలాంటి టోకెన్ ఉంచడం నాకు ససేమిరా ఇష్టం లేదు. లోపలి నెట్‌వర్క్‌లో ఉన్న ఓ చిన్న యంత్రం దగ్గర టోకెన్ ఉంచి, ‘చిరునామా నాకు ఇవ్వు’ అనే ఒక్క విన్నపాన్ని మాత్రమే అది స్వీకరించేలా చేయండి. ఆ యంత్రమే పడిపోతే బదిలీ ఆగిపోతుంది కాబట్టి దాని ఆరోగ్యం మీదా నిఘా ఉండాలి.

ఈ పద్ధతికి భౌగోళికమైన హద్దు కూడా ఉంది. ఎలాస్టిక్ ఐపీ ఒక రీజియన్ (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల సమూహం) లోపలే కదులుతుంది. 2016లో మొదలైన అమెజాన్ ముంబై రీజియన్‌లోని చిరునామాను 2022లో వచ్చిన హైదరాబాద్ రీజియన్‌లోని సర్వర్‌కు అలా కట్టబెట్టలేం. ఊరు దాటే ఫెయిలోవర్ కావాలంటే డీఎన్‌ఎస్ (పేర్లను చిరునామాలుగా మార్చే వ్యవస్థ) వైపు చూడాలి, అక్కడ రికార్డు గడువు, పాత జవాబులు దాచుకునే రిజాల్వర్ల జ్ఞాపకం అనే వేరే బాధలు ఉంటాయి.

చివరగా రిహార్సల్ సంగతి. కీపలైవ్‌డి సేవను మర్యాదగా ఆపి ‘ఫెయిలోవర్ పనిచేసింది’ అని రాసుకోవద్దు. అలా ఆపినప్పుడు అది ప్రయారిటీ 0తో వీడ్కోలు ప్రకటన పంపుతుంది, బ్యాకప్ సెకను లోపే లేస్తుంది. నిజమైన చావులో ఆ ప్రకటన ఉండదు. ఒకసారి ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్‌నే కూల్చి చూడండి. ఇంకోసారి రెండు యంత్రాలనూ బతకనిచ్చి, వాటి మధ్య 112 ప్రోటోకాల్ సంఖ్య గల వీఆర్‌ఆర్‌పీ ప్యాకెట్లను మాత్రమే ఫైర్‌వాల్‌తో అడ్డుకుని, అర నిమిషం తర్వాత తీసేయండి. ఆ వెంటనే లాగ్‌లు పక్కన పెట్టి, మాస్టర్ ఎవరని కీపలైవ్‌డిని, చిరునామా ఎవరిదని ఏపీఐని, పేజీ ఏ సర్వర్ నుంచి వస్తోందని బయటి యంత్రాన్ని విడివిడిగా అడగండి. మూడు జవాబులూ ఒకే సర్వర్ పేరు చెప్పేదాకా ఆ ఏర్పాటును ప్రొడక్షన్‌లోకి పంపకండి.