అప్పులవాళ్ళు తరిమిన న్యాయమూర్తి

అందరికీ నమస్కారం.

ఇంటికి చుట్టాలొస్తే ఫిలడెల్ఫియాలో మనం తప్పకుండా చూపించే వాటిల్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ సమాధి ఒకటి. ఫిఫ్త్ స్ట్రీట్, ఆర్చ్ స్ట్రీట్ మూల. జనం ఆ పలక మీద పెన్నీలు వేసి వెళ్తారు. అదే క్రైస్ట్ చర్చికి చెందిన ఇంకో ఆవరణ సెకండ్ స్ట్రీట్‌లో, చర్చిని ఆనుకునే ఉంది. అక్కడ జేమ్స్ విల్సన్ సమాధి ఉంది. చిల్లర అవసరం నిజంగా పడింది ఆయనకి. సుప్రీంకోర్టు జడ్జీ పదవిలో ఉండగానే అప్పులవాళ్ళకి దొరక్కుండా ఊళ్ళు మారి, పరాయి ఊళ్ళో పోయాడు.

ఎవరీయన? 1742లో స్కాట్లండ్‌లో, ఫైఫ్ ప్రాంతంలో పుట్టాడు. 1765లో అమెరికా వచ్చి ఫిలడెల్ఫియా లాయరు జాన్ డికిన్సన్ దగ్గర లా నేర్చుకున్నాడు. స్వాతంత్ర్య ప్రకటన మీదా, రాజ్యాంగం మీదా, రెండిటి మీదా సంతకం చేసినవాళ్ళు ఆరుగురే. వాళ్ళలో ఈయనొకడు. 1787 రాజ్యాంగ సభలో అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని వాదించాడు, నెగ్గలేదు. రాష్ట్రాలకి సీట్లు పంచే జనాభా లెక్కలో బానిసల్లో ఐదింట మూడు వంతుల్ని కలుపుదామన్న ప్రతిపాదన పెట్టిందీ ఈయనే. అది నెగ్గింది. ప్రజలే సార్వభౌములన్న మనిషి నోట ఈ మాట వచ్చిందన్న సంగతి దాటేసి ఆయన్ని పొగడ్డం నాకు చేతకాదు.

1789లో వాషింగ్టన్ ఆయన్ని మొదటి సుప్రీంకోర్టులో న్యాయమూర్తిని చేశాడు. అక్కడ ఒక కేసు గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1793, చిజం వర్సెస్ జార్జియా. యుద్ధకాలంలో జార్జియా రాష్ట్రం సరుకు తీసుకుని డబ్బివ్వలేదు. అమ్మినవాడు పోయాడు. అతని ఆస్తి వ్యవహారాలు చూసే చిజం దక్షిణ కరొలైనా నుంచి దావా వేశాడు. జార్జియా కోర్టుకే రాలేదు, మా మీద దావా ఏమిటంది. రాష్ట్రమైనా కోర్టుకు రావాల్సిందేనని విల్సన్ తీర్పు రాశాడు. ఒప్పందం చేసుకుని కావాలని బాకీ ఎగ్గొట్టే రాష్ట్రానికీ, ఎగవేతదారు వర్తకుడికీ తేడా లేదన్నాడు. తీర్పు చెప్పిన ఐదుగురిలో ఒప్పుకోనివాడు ఒక్కడే, ఉత్తర కరొలైనాకు చెందిన జేమ్స్ ఐర్‌డెల్. తర్వాత ఐర్‌డెల్ పక్షమే గెలిచింది. 1795లో పదకొండో సవరణ వచ్చి ఆ తీర్పును తుడిచేసింది.

బాకీ గురించి అంత ఘాటుగా రాసిన ఆయన అప్పటికే భూముల బేరాల్లో పీకల్దాకా మునిగి ఉన్నాడు. పడమటి భూముల ధర పెరుగుతూనే ఉంటుందన్న నమ్మకంతో అప్పు మీద అప్పు చేసి వేలాది ఎకరాలు కొన్నాడు. 1796లో మార్కెట్ కుప్పకూలింది. న్యూజెర్సీలోని బర్లింగ్‌టన్‌లో జైల్లో పెట్టారు. ఎలాగో బయటపడి దక్షిణానికి వెళ్తే, ఉత్తర కరొలైనాలో పియర్స్ బట్లర్ పట్టించాడు. బాకీ 1,97,000 డాలర్లు. ఈ బట్లర్ ఎవరనుకున్నారు? 1787లో అదే రాజ్యాంగం మీద సంతకం చేసిన పెద్దమనిషే! తనని అడవి మృగాన్ని వేటాడినట్టు వేటాడారని విల్సన్ ఒక ఉత్తరంలో వాపోయాడు. ఇంత జరిగినా పదవికి రాజీనామా ఇవ్వలేదు, ఎవరూ తీసెయ్యలేదు.

చివరికి ఆయన చేరిన ఊరు ఈడెంటన్, అంటే ఐర్‌డెల్ సొంతూరు. కోర్టులో తనతో విభేదించిన ఆ ఒక్కడే ఇక్కడ ఆసరా అయ్యాడు. మలేరియా, ఆపైన పక్షవాతం. 1798 ఆగస్టులో, 55 ఏళ్ళ వయసులో, విల్సన్ కన్నుమూశాడు. ఐర్‌డెల్ బావమరిది శామ్యూల్ జాన్‌స్టన్‌కి అక్కడ హేస్ అనే పెద్ద తోట ఉంది. ఆ కుటుంబం శ్మశానంలోనే పూడ్చారు.

మరి ఫిలడెల్ఫియాకి ఎలా వచ్చాడు? 1906లో తెచ్చారు. నౌకాదళం ఓడలో శవపేటిక వచ్చింది. నవంబర్ 22న ఇండిపెండెన్స్ హాల్లో ఉంచారు. చీఫ్ జస్టిస్ ఫుల్లర్ వచ్చాడు. స్కాట్లండ్ బిడ్డే అయిన ఆండ్రూ కార్నెగీ మాట్లాడాడు. ఆ తర్వాత క్రైస్ట్ చర్చి ఆవరణలో మొదటి భార్య రేచెల్ పక్కన ఖననం చేశారు.

నూట ఎనిమిదేళ్ళ తర్వాత ఇంత ఆదరం ఎందుకు పుట్టుకొచ్చిందని మీరడగొచ్చు. ప్రేమ ఉంటే ఉండొచ్చు, అవసరం మాత్రం గట్టిగానే ఉంది. అంతకు ఏడు వారాల ముందు, హారిస్‌బర్గ్‌లో కొత్త కాపిటల్ భవనం ప్రారంభిస్తూ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ విల్సన్ పేరెత్తాడు. పెద్ద కంపెనీల ముక్కుకి తాడు వెయ్యడం రాష్ట్రాల వల్ల కాని చోట కేంద్రానికి ఆ అధికారం ఉండాలని ఆయన వాదన. రాజ్యాంగం రాసినవాళ్ళలోనే తనకో సాక్షి కావాలి. విల్సన్ దొరికాడు. సమాధులు లేచే వేళని బట్టి కట్టినవాళ్ళ లెక్కలు కొంత తెలుస్తాయంటాను నేను.

ఈసారి మీరు ఆ ఆవరణకి వెళ్తే ఇంకొకర్ని కూడా పలకరించండి. విప్లవ యుద్ధానికి డబ్బు సమకూర్చిన రాబర్ట్ మోరిస్ కూడా అక్కడే, బావగారైన బిషప్ వైట్ కుటుంబ సమాధిలో ఉన్నాడు. ఆయనా రెండిటి మీదా సంతకం చేసిన ఆరుగురిలో ఒకడే, ఆయన్నీ భూముల పిచ్చే ముంచింది. విల్సన్ పోయిన 1798లోనే అప్పుల జైలుకెళ్ళి, మూడేళ్ళకి పైగా అక్కడే ఉన్నాడు.