అమ్మ కౌలు లెక్క, మెదడులో కలుపు

సభకు నమస్కారం. డీఏ బకాయిల సంగతి నా తర్వాత మాట్లాడేవారు చూసుకుంటారు. నాకిచ్చిన అంశం మతిమరుపు. కావలి చుట్టుపక్కల కాలేజీల్లో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను, అంతే. డాక్టర్ని కాను. కాబట్టి ఎవరూ మందుల చీటీలు బయటికి తీయకండి.

మాది అల్లూరు దగ్గర పల్లె. నాన్న పోయాక నాలుగెకరాల మాగాణి కౌలుకిచ్చి అమ్మే చూసుకునేది. చదువు రాదు. ఎన్ని పుట్లు, ఎన్ని తూములు, ఎవరి బాకీ ఎంత, అన్నీ నోటిమీదే. ఒక ఉగాదికి నేను ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో గొడవ. కౌలు వడ్లు కొలవలేదని అమ్మ. వారం కిందటే కొలిచి గదిలో పోయించానని ఆ రైతు. గది తలుపు తీస్తే వడ్లు ఉన్నాయి. అమ్మ ఒకసారి చూసి, "ఇవి నిరుటివిరా అబ్బయ్యా" అంది. కొత్త వడ్ల వాసన గది దాటి వస్తోంది.

నేనేమనుకున్నాను? వయసు మీదపడింది, చాదస్తం అనుకున్నాను. రెండేళ్లు అలాగే అనుకున్నాను. ఆ రైతు మొహం చూడలేక వీధి మార్చి నడిచాను గానీ, ఇది జబ్బేమోనని తోచలేదు. మొదట చూపించిన చోట కూడా "ఈ వయసులో మామూలే" అని బలం మాత్రలు రాసి పంపారు. అల్జీమర్స్ అని తేలేసరికి అమ్మ నన్ను మా మేనమామ పేరుతో పిలుస్తోంది.

అప్పుడు మా చెల్లెలు అడిగింది: "అన్నా, మనకీ వస్తుందా?" ఇవాళ నా ప్రసంగమంతా ఆ ప్రశ్నకు జవాబే.

1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు ఒక రోగి గురించి తోటి వైద్యులకు చెప్పాడు. ఆమె ఆస్పత్రిలో చేరినప్పుడు వయసు 51. చనిపోయాక ఆమె మెదడును మైక్రోస్కోపు కింద చూస్తే నాడీకణాల బయట మచ్చల్లాంటి ముద్దలు, లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. ముద్దలు అమైలాయిడ్ అనే ప్రొటీన్‌వి, పోగులు టావ్ అనే ప్రొటీన్‌వి అని తర్వాత తెలిసింది. 1907లో ఆయన ఇంకొకటి కూడా రాశాడు: నాడీకణాల పక్కన ఉండే గ్లియా కణాల్లో కొవ్వు పేరుకుని ఉందని. ఆ మాటను చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దానికి.

వంశపారంపర్యం అనగానే మనం ఒకే రకం అనుకుంటాం. రెండు రకాలున్నాయి. ఏపీపీ, ప్రిసెనిలిన్ ఒకటి, రెండు అనే మూడు జన్యువుల్లో ఏదో ఒకదానిలో గట్టి తప్పు ఉంటే, అది అందిన బిడ్డకు జబ్బు దాదాపు ఖాయం. అదీ నలభై, యాభై ఏళ్లకే. కానీ ఇలాంటి కుటుంబాలు చాలా అరుదు, నూటికి ఒక్క కేసు కూడా ఉండదు. మనందరం భయపడేది, డెబ్బై దాటాక వచ్చేది, వేరే కథ.

ఆ కథలో పెద్ద పాత్ర ఏపీఓఈ అనే జన్యువుది. ఏపీతో మొదలవుతోంది కదా అని మన రాష్ట్ర శాఖ అనుకోకండి. మెదడులో కొవ్వును ఒక కణం నుంచి ఇంకో కణానికి మోసే ప్రొటీన్‌ను ఇది తయారుచేస్తుంది. ఇందులో ఈ2, ఈ3, ఈ4 అని మూడు రకాలు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. ఈ4 ఒకటి ఉంటే ముప్పు సుమారు మూడింతలు, రెండూ అవే అయితే ఎనిమిది నుంచి పన్నెండింతల దాకా అని లెక్కలు. 1993లో ఈ సంగతి బయటపడింది. అయితే ఆ లెక్కలు ఎక్కువగా యూరప్ మూలాలున్న జనం మీద కట్టినవి, జాతిని బట్టి మారతాయి. ఈ4 ఉండి తొంభై ఏళ్లు చక్కగా గడిపినవాళ్లున్నారు, లేకుండానే జబ్బు వచ్చినవాళ్లున్నారు.

ఇక మెదడులో కలుపు తీసే కణాల దగ్గరికి వద్దాం. ఇవీ గ్లియాలో ఒక రకమే, మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త రియో ఓర్తెగా వీటిని విడిగా గుర్తించాడు. మెదడు కణాల్లో సుమారు పదోవంతు ఇవే. తల్లి కడుపులో తొలి వారాల్లోనే మెదడులోకి చేరి అక్కడే కాపురం పెట్టేస్తాయి. 2005లో బతికున్న ఎలుకల మెదడులో వీటిని చూశారు. ఊరికే కూర్చోవు, చేతులు చాచి చుట్టూ తడుముతూనే ఉంటాయి. చచ్చిన కణం, చెత్త ప్రొటీన్, అక్కర్లేని నాడీ సంధి (రెండు నాడీకణాలు కలిసే చోటు), ఏది దొరికితే అది మింగేస్తాయి.

మన మాగాణుల్లో ఊద అనే కలుపు మొక్క తెలుసు కదా. లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. చేయి తిరిగిన కూలీకి వేళ్లతో పట్టుకోగానే తెలుస్తుంది. మైక్రోగ్లియాకు ఆ వేళ్లు ట్రెమ్-2 అనే ప్రొటీన్. 2013లో ప్రచురించిన రెండు పరిశోధనల్లో తేలిందేమిటంటే, ట్రెమ్-2 జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు రెండు నుంచి నాలుగింతలు. అలాంటి మైక్రోగ్లియా అమైలాయిడ్ ముద్దల చుట్టూ సరిగా చేరవు, వాటిని కట్టడి చేయలేవు.

రెండో చిక్కు దీనికి ఎదురు. చాలాకాలం రెచ్చిపోయి ఉన్న మైక్రోగ్లియా మంట పుట్టించే రసాయనాలు వదులుతాయి, పనికొచ్చే నాడీ సంధులనూ మింగుతాయి. కలుపుతో పాటు వరీ పీకేస్తాయన్నమాట. పని చేయకపోయినా కష్టమే, మితిమీరి చేసినా కష్టమే. అందుకే "మెదడులో మంట తగ్గించే మందు" అని ఎవరైనా అమ్మితే కొంచెం ఆలోచించండి.

ఇప్పుడు ఆ కొవ్వు. ఈ4 రెండూ ఉన్న రోగుల మైక్రోగ్లియాలో కొవ్వు బొట్లు ఎక్కువగా పేరుకుంటున్నాయని, ఆ కణాలు పక్కనున్న నాడీకణాలకు హాని చేస్తున్నాయని 2024లో చూపించారు. అల్జీమర్ నూటపదిహేడేళ్ల ముందు రాసిన మాట ఇలా తిరిగొచ్చింది. 2022 నాటి ఒక పెద్ద అధ్యయనం ముప్పుకు సంబంధించిన 75 చోట్లను జన్యుపటంలో గుర్తించింది. వాటిలో చాలా జన్యువులు పనిచేసేది ఈ మైక్రోగ్లియాలోనే. అంటే తల్లిదండ్రుల నుంచి మనకు వచ్చేది జబ్బు కాదు, ఎక్కువగా కలుపు తీసే నేర్పులో తేడా.

మా మేనల్లుడు బెంగళూరులో ఉంటాడు. ఉమ్మి పంపి జన్యు పరీక్ష చేయించుకున్నాడు. ఒక ఈ4 ఉందని కాగితం వచ్చింది. రాత్రి పదకొండింటికి ఫోన్: "మామా, నాకూ అమ్మమ్మలాగే అవుతుందా?" నలభై కూడా నిండలేదు, ఒకటే టెన్షన్. జాతకం చూపించుకున్నవాడికీ వాడికీ తేడా కనిపించలేదు నాకు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు సరదాకి ఈ పరీక్షకు పోవద్దనే నా మాట. అమైలాయిడ్‌ను తొలగించే కొత్త మందులు వేసేముందు దీనికి పని ఉంది. ఈ4 ఉన్నవాళ్లకు ఆ మందులతో మెదడులో వాపు, రక్తస్రావం ఎక్కువ కాబట్టి. అప్పుడు డాక్టరే చేయిస్తాడు.

వాణ్ని బీపీ చూపించుకోమన్నాను. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో డిమెన్షియాకు, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులకు, ముప్పు పెంచే 14 కారణాలు చెప్పింది: బీపీ, షుగర్, పొగ, ఒంటరితనం, తక్కువ చదువు, తలకు దెబ్బలు, వినికిడి తగ్గడం వంటివి. వీటన్నిటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను ఆపడమో, వెనక్కి నెట్టడమో వీలవుతుందని అంచనా. మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను చూసి, 2013లో చెప్పింది ఇంకా ముచ్చటైనది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలో కూడా. సూళ్లూరుపేట వైపు తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడే ముసలమ్మలను ఇకమీదట ఎవరూ వెక్కిరించకండి.

ఇంట్లో ఎవరికైనా మరుపు మొదలైతే విటమిన్ బీ12, థైరాయిడ్ ముందు చూపించండి. ఆ లోపాల వల్ల వచ్చే మరుపు మందుతో తగ్గవచ్చు. మేము ఆ రెండేళ్లూ అదైనా చేయలేదు.

వినికిడి మాట ఎత్తాను కాబట్టి, ముందు వరసలో చెవి మిషన్ జేబులో పెట్టుకుని కూర్చున్న మాస్టార్లు దాన్ని తీసి పెట్టుకోండి. ప్రశ్నలు మొదలుపెడదాం. టీ కూడా వస్తోంది.