మెడికల్ కాలేజీ అసలుదో కాదో తేల్చేది వంటగదే!

నమస్తే అండీ, చెన్నై నుంచి మాట్లాడుతున్నా. సూటిగా చెప్తా. ఏ మెడికల్ కాలేజీ సంగతి తేలాలన్నా లెక్చర్ హాలు చూడకండి. ఆసుపత్రి వంటగదిలోకి వెళ్లండి!

2025లో కొన్ని మెడికల్ కాలేజీల మీద సీబీఐ పెట్టిన కేసు మీకు తెలుసు. తనిఖీ కబురు ముందే అందుకుని దొంగ ఫ్యాకల్టీని, మంచాల మీద ఉత్తుత్తి రోగుల్ని చూపించారన్నది ఆరోపణ. అందరూ ఫ్యాకల్టీ హాజరు కోసం వాడారన్న దొంగ వేలిముద్రల గురించే అరుస్తున్నారు. మరి ఆ మంచాల మాటేమిటి?

లెక్క వెయ్యండి. జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) 2023 నిబంధనల్లో 150 ఎంబీబీఎస్ సీట్లకు 605 పడకలు. 80 శాతం నిండాలంటే ఏ రోజు చూసినా 484 మంది ఉండాలి. ఒక్కొక్కరు సగటున ఐదు రోజులు ఉంటారనుకుందాం. రోజుకు 97 మంది కొత్తగా చేరాలి, ఆదివారం కూడా! ఊరవతల పొలాల్లో కట్టిన బిల్డింగుకి అంతమంది ఎక్కణ్ణుంచి వస్తారండీ?

ఇక్కడ సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రినే చూడండి. అది 1664లో కోటలో మొదలైంది. మెడికల్ స్కూలు పెట్టింది 1835లో. అంటే 171 ఏళ్లు రోగుల్ని చూశాక విద్యార్థుల్ని తీసుకున్నారు! 1850లో ఆ స్కూలు మద్రాసు మెడికల్ కాలేజీ అయింది, 1875లో నలుగురు ఆడవాళ్లను చేర్చుకుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదివిందీ ఇక్కడే. ఖద్దరు కట్టాడని ప్రొఫెసర్‌కి ఒళ్లు మండి, ఆయనకి ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. ఆయన బృందం ఇచ్చిన మెథోట్రెక్సేట్ అనే మందు ఇవాళ ప్రపంచమంతా క్యాన్సర్‌కి వాడుతున్నారు! సూళ్లూరుపేట, గూడూరు రైళ్లలో మనవాళ్లు ఇప్పటికీ ఆ ఆసుపత్రికే వస్తారు.

కేస్ షీట్లు ఒక్క రాత్రిలో రాసెయ్యొచ్చు. దొరికిపోతారు కూడా. అన్నీ ఒకే చేతిరాత, అందరికీ బీపీ 120/80. మూడు రోజులుగా ఐవీ యాంటీబయాటిక్ అని రాసి ఉంటుంది, చేతి మీద సూది గుర్తే ఉండదు. కానీ ఆరు నెలల పాల బిల్లులు, గ్యాస్ సిలిండర్లు, డైట్ రిజిస్టరు, చాకలికి వేసిన దుప్పట్ల లెక్క? ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. అది రాత్రికి రాత్రి అయ్యే పని కాదు.

ఇదంతా ఎందుకంటే, ప్లీహం (స్ప్లీన్) వాచిందో లేదో చూడటం పుస్తకంతో రాదు. పొట్ట కింద కుడివైపు చెయ్యి పెట్టి, ఎడమ పక్కటెముకల వైపు కొంచెం కొంచెం జరపాలి. రోగి ఊపిరి పీల్చినప్పుడల్లా ఆగాలి. వాచి ఉంటే దాని అంచు వచ్చి వేలికొసకి తగులుతుంది. కూలిచ్చి పడుకోబెట్టిన ఆరోగ్యవంతుడికి అది తగలనే తగలదు! అలాంటి పొట్టల మీద నేర్చుకున్న కుర్రాడు రేపు మలేరియా జ్వరంతో వచ్చిన మీ బిడ్డని చూస్తాడు.

మీ ఊళ్లో కొత్త కాలేజీ ఉందా? పొద్దున ఏడింటికి వెళ్లి, వార్డుల్లోకి ఎంతమందికి టిఫిన్ వెళ్తోందో లెక్కపెట్టండి. ఆ అంకె, పడకల సంఖ్య, రెండూ కామెంట్లో పెట్టండి.