పదహారేళ్లకే పగ్గాలు పట్టినవాడు

శ్రోతలకు నమస్కారం. ఇంజను లేదు, పెట్రోలు లేదు. చక్రాల బదులు అడుగున జారే ఇనుప పట్టీలున్న బండి, కొండ వాలులో మంచుగడ్డతో కట్టిన కాలువలాంటి దారి. నలుగురైదుగురు కలిసి బండిని తోసి, ఒక్కొక్కరే ఎక్కేస్తారు. వెనకవాడి చేతిలో బ్రేకు, ముందువాడి చేతిలో పగ్గాలు. ఇదే బాబ్‌స్లెడ్ పందెం. మలుపు వచ్చిందంటే బండి పక్కగోడ ఎక్కుతుంది. ఎంత ఎత్తుకు ఎక్కనివ్వాలి, ఏ క్షణాన కిందికి దించాలి అన్నది ముందువాడే తేల్చుకోవాలి. లెక్క తప్పితే బండి బోల్తా.

1928 శీతాకాల ఒలింపిక్స్‌లో, స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో, అమెరికా తరఫున అలా ముందు కూర్చున్నవాడు బిల్లీ ఫిస్కే. వయసు పదహారు. మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడి చేతిలో మిగతా నలుగురి ప్రాణాలు!

ఆ నలుగురిలో ముగ్గురు ఎక్కణ్నుంచి వచ్చారో తెలిస్తే ఇంకా ఆశ్చర్యపోతారు. టీముకి మనుషులు చాలక, పారిస్‌లో వెలువడే ఒక అమెరికన్ పత్రికలో ప్రకటన వేశారు. అది చూసి ముగ్గురు వచ్చారు. వాళ్లలో జెఫ్రీ మేసన్ జర్మనీలో చదువుకుంటున్న కుర్రాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు. బాబ్‌స్లెడ్ ఎక్కడం అదే మొదటిసారి. మూడు వారాలైనా సాధన లేదు. పైగా ఆ ఏడు ఎండ కాసి మంచు కరగడంతో నాలుగు పరుగుల పోటీని రెండింటికి కుదించారు. మొదటి పరుగులో పొరపాటు జరిగితే తర్వాత సర్దుకుందాం అనే వీలు బాగా తగ్గిపోయింది.

బిల్లీ బండి గెలిచింది, అదీ అర సెకను తేడాతో. రెండో స్థానంలో వచ్చింది అమెరికాదే మరో బండి. దాన్ని నడిపిన జెనిసన్ హీటన్ అదే ఒలింపిక్స్‌లో స్కెలిటన్ పందెంలో, అంటే చిన్న బండి మీద ఒక్కడే బోర్లా పడుకుని తల ముందుకు పెట్టి జారే ఆటలో, స్వర్ణం కొట్టినవాడు. మేసన్ మాత్రం బంగారు పతకం జేబులో వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు, మళ్లీ బాబ్‌స్లెడ్ ఎక్కలేదు. ఆ తెలివి నాకు భలే నచ్చుతుంది.

1932లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో బిల్లీ మళ్లీ గెలిచాడు, ఈసారి నలుగురి బండితో. వెనక కూర్చున్నవాళ్లలో జే ఓబ్రియన్‌కి 48 ఏళ్లు. ఇంకొకడు ఎడ్డీ ఈగన్, 1920లో బాక్సింగ్ స్వర్ణం గెలిచినవాడు. వేసవి, శీతాకాల ఒలింపిక్స్ రెండింటిలో, వేర్వేరు ఆటల్లో స్వర్ణాలు గెలిచినవాడు ఇప్పటికీ ఈగన్ ఒక్కడే. బిల్లీకి కొత్తవాళ్లను బండెక్కించి గెలిపించడం అలవాటైపోయినట్టుంది.

1936లో ఒలింపిక్స్ హిట్లర్ జర్మనీలో జరిగాయి. బిల్లీ ఆడలేదు.

తండ్రి బ్యాంకర్, డబ్బుకు లోటు లేదు. కేంబ్రిడ్జిలో చదివాడు, బెంట్లీ కారు నడిపాడు. హాయిగా కాలక్షేపం చేయగలిగినవాడే. కానీ 1939లో యుద్ధం మొదలవగానే, తాను కెనడావాణ్నని చెప్పి బ్రిటిష్ వాయుసేనలో చేరాడు. అమెరికా అప్పటికి తటస్థంగా ఉంది మరి. మలుపుల్లో పనికొచ్చిన ఆ నిబ్బరమే హరికేన్ యుద్ధవిమానంలోనూ పనికొచ్చింది.

1940 ఆగస్టు 16న జర్మన్ విమానాలు ఇంగ్లండ్‌లోని టాంగ్‌మియర్ స్థావరం మీద దాడి చేశాయి. పోరులో బిల్లీ విమానానికి దెబ్బ తగిలి మంటలంటుకున్నాయి. పారాచూట్‌తో దూకేయలేదు. బాంబులు పడుతున్న ఆ స్థావరానికే విమానాన్ని తెచ్చి దించాడు. చేతులు, చీలమండలు కాలిపోయాయి. మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు. అప్పటికి 29 ఏళ్లు.

1941 జూలై 4న, సరిగ్గా అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అతని పేరిట ఫలకం ఆవిష్కరించారు. ఇంగ్లండ్ బతకాలని ప్రాణమిచ్చిన అమెరికా పౌరుడు అని దాని మీద రాశారు. ఆ అమెరికా యుద్ధంలోకి దిగడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది.