గోదావరి డెల్టాలో హై ఎండ్ గేమింగ్ పీసీ: కార్డు ఒక్కటే చూస్తే చాలదు

విజువల్: ఖాళీ టేబుల్. వెనక గోడకు స్విచ్ బోర్డు. చేతిలో టెస్టర్.

నమస్తే అండి. కొత్త గేమింగ్ పీసీ బిల్డ్ గురించి నాకు వచ్చే మెసేజ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. "అన్నా, 5080 తీసుకోమంటారా, 5090కి వెళ్లమంటారా?" భీమవరం, తణుకు, అమలాపురం, పాలకొల్లు... ఊరు మారుతుంది గానీ ప్రశ్న మారదు. ఆ అంకెలు గ్రాఫిక్స్ కార్డుల మోడళ్లు. నేను తిరిగి అడిగేది ఒకటే. "మీ గదిలో ప్లగ్గుకి ఎర్త్ ఉందా?" అక్కడితో చాట్ ఆగిపోతుంది.

బెంగళూరులోనో ఢిల్లీలోనో చేసిన వీడియో చూసి లిస్టు రాసుకుంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వరకు ఇబ్బంది లేదు. అవి ఎక్కడైనా ఒకటే. కానీ ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును పీసీ భాగాలకు సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె), యూపీఎస్, కూలర్, క్యాబినెట్ మాత్రం మన కరెంటు, మన ఉక్కపోత, మన గాలి చూసుకుని ఎంచుకోవాల్సినవి. లక్షల్లో ఖర్చు పెట్టే మిషన్‌కి ఈ సగాన్ని చివరి పది వేలతో సర్దేద్దామనుకుంటేనే తేడా కొడుతుంది.

విజువల్: పక్కపక్కనే రెండు మానిటర్లు, ఒకటి 1440పీ, ఒకటి 4కే.

ముందు మానిటర్ తేల్చుకోండి. కార్డు గీయాల్సింది ఆ తెరనే కదా. 1440పీ తెరలో సుమారు 37 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. 4కే తెరలో సుమారు 83 లక్షలు. అంటే రెండుంపావు రెట్లు. గేమ్ అదే, సెట్టింగ్స్ అవే అయినా 4కేకి వెళ్లగానే కార్డు మీద పని అంత పెరుగుతుంది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి ఎక్కువ ఆడేవాళ్లకి 27 అంగుళాల 1440పీ, 240 హెర్ట్జ్ (సెకనుకు 240 సార్లు బొమ్మ మారే) మానిటర్ హాయిగా ఉంటుంది. కథ ఉన్న పెద్ద పెద్ద గేమ్స్ నింపాదిగా ఆడేవాళ్లకి 4కే. ఓఎల్ఈడీ రకం తెర మీద బొమ్మ అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ రోజంతా ఎక్సెల్ షీట్లు, ఒకే టాస్క్‌బార్ కదలకుండా ఉంటే ఆ గుర్తులు తెర మీద శాశ్వతంగా పడిపోయే అవకాశం ఉంది. పగలు రొయ్యల చెరువు లెక్కలు, రాత్రి గేమింగ్, రెండూ ఒకే మానిటర్ మీద అయితే ఐపీఎస్ రకం తెర తీసుకోండి.

విజువల్: నాలుగు కార్డుల పేర్లు, మెమరీ, వాట్లు తెర మీద వరసగా.

ఇప్పుడు కార్డు. ఆర్‌టీఎక్స్ 5090కి 32 జీబీ మెమరీ, 575 వాట్లు. 5080కి 16 జీబీ, 360 వాట్లు. 5070 టీఐకి కూడా 16 జీబీనే, 300 వాట్లు. ఏఎండీ వైపు ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీకి 16 జీబీ, 304 వాట్లు. నాలుగూ 2025 మొదటి మూడు నెలల్లో వచ్చినవే.

నా మాట అడిగితే, 1440పీకి 5070 టీఐ గానీ 9070 ఎక్స్‌టీ గానీ చాలు, ఏది తక్కువకు దొరికితే అది. 4కేకి 5080. మరి 5090? గేమ్స్‌తో పాటు త్రీడీ పనో, వీడియో ఎడిటింగో, ఏఐ మోడల్స్ నడపడమో ఉంటే ఆ 32 జీబీకి అర్థం ఉంది. ఒట్టి గేమ్స్ కోసమైతే అది ముచ్చట. ముచ్చట తప్పని నేను అనను, డబ్బు మీది. ఆ 575 వాట్లు వేడై మీ గదిలోకే వస్తాయని మాత్రం గుర్తు పెట్టుకోండి. దాని సంగతి తర్వాత చెప్తా.

ఎన్‌విడియా పెద్ద కార్డులకి 16 పిన్నుల పవర్ కనెక్టర్ ఉంటుంది. 2022లో 4090 వచ్చిన కొత్తలో ఇది కరిగిపోయిన ఫోటోలు చాలామంది చూసే ఉంటారు. తర్వాత పిన్నులు కొంచెం మార్చి 12వీ-2x6 అని తెచ్చారు. అయినా జాగ్రత్త జాగ్రత్తే. కేబుల్‌ని పూర్తిగా లోపలికి నొక్కండి, మధ్యలో సందు కనబడకూడదు. కనెక్టర్ మొదట్లోనే మడవకండి. గ్లాస్ డోర్ వేస్తే కేబుల్ నలుగుతోందంటే ఆ క్యాబినెట్ వెడల్పు మీ కార్డుకి చాలదని అర్థం.

ప్రాసెసర్ దగ్గర పెద్దగా ఆలోచించక్కర్లేదు. గేమింగ్‌కి రైజెన్ 7 9800ఎక్స్‌3డీ. ఎనిమిది కోర్లు, 96 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ), 120 వాట్ల టీడీపీ (కూలర్ తీయాల్సిన వేడి లెక్క). అదనపు క్యాష్‌ని ఇందులో కోర్ల కింద పెట్టారు కాబట్టి కోర్ల వేడి నేరుగా కూలర్‌కి అందుతుంది, ముందు తరంలో అది కోర్ల పైన ఉండేది. ఎడిటింగ్ కూడా ఉంటే 16 కోర్ల 9950ఎక్స్‌3డీ చూడండి. సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల ఐ9 చవగ్గా దొరుకుతోందని ఎవరైనా అంటే కాస్త ఆగండి. వాటిలో వోల్టేజ్ సమస్య ఉందని 2024లో ఇంటెలే ఒప్పుకుని మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అప్‌డేట్ బాగు చేయదు.

మదర్‌బోర్డుకి బీ850 చిప్‌సెట్ ఉన్నది చాలు. ర్యామ్ డీడీఆర్5-6000, సీఎల్30 (స్పందించే ఆలస్యం అంకె, తక్కువైతే మేలు), రెండు స్టిక్స్. నాలుగు స్లాట్లున్నాయి కదా అని నాలుగూ నింపితే ఏఎం5లో (ఈ రైజెన్ ప్రాసెసర్లు కూర్చునే సాకెట్) స్పీడ్ తగ్గించుకోవాల్సి వస్తుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా లాగేసుకోవడం వల్ల. కాబట్టి 32 జీబీతో మొదలుపెట్టడానికి సిగ్గు పడక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీ జెన్4, 2 టీబీ. జెన్5 అంకెలు ఘనంగా ఉంటాయి గానీ గేమ్ లోడ్ అయ్యేటప్పుడు ఆ తేడా మీకు తెలియదు.

విజువల్: క్యాబినెట్ వెనక స్క్రూ మీద టెస్టర్. లోపల చిన్న నియాన్ లైటు ఎర్రగా వెలుగుతుంది. కెమెరా దగ్గరగా.

ఇదిగో, గోడ దగ్గరికి వచ్చాం. చూశారా, టెస్టర్ వెలుగుతోంది. ఈ పీసీ పాడవలేదు. ఎస్‌ఎంపీఎస్ మొదట్లో ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు ఎర్త్ వైపు కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ నేలలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ బాడీ దాదాపు సగం వోల్టేజ్ దగ్గర, అంటే 115 వోల్టుల చుట్టుపక్కల, తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి సాధారణంగా ప్రమాదం ఉండదు. కానీ వర్షాకాలం గచ్చు చెమర్చినప్పుడు ఉత్త కాళ్లతో నిలబడి క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. హెచ్‌డీఎమ్ఐ కేబుల్ గుచ్చేటప్పుడు చిటుక్కుమని నిప్పురవ్వ వస్తే, ఆ దెబ్బ పడేది కార్డు పోర్టు మీద.

చాలా పాత ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, మూడో రంధ్రం వెనక వైరే ఉండదు. ఇంకో దారుణం, న్యూట్రల్ వైరునే ఎర్త్ పిన్నుకి కలిపేయడం. టెస్టర్ ఆరిపోతుంది, అందరూ సంతోషిస్తారు. ఏదో ఒక రోజు న్యూట్రల్ తెగిందనుకోండి, మీ క్యాబినెట్ మీద నేరుగా 230 వోల్టులు ఉంటాయి. అది ప్రాణం తీస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో చూపించమనండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు సప్లై వోల్టేజ్ రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. మరీ సున్నా చూపిస్తే సాకెట్ విప్పించి వెనక ఆ రెండూ కలిపేశారేమో చూడమనండి.

ఇక్కడ మనకో అదృష్టం ఉంది. డెల్టా ఒండ్రు నేల, కొంచెం తవ్వితే తడి. రాతి నేలలతో పోలిస్తే మనకు మంచి ఎర్త్ తేలిగ్గా దొరుకుతుంది. కాకపోతే సముద్రం దగ్గర, నరసాపురం, అంతర్వేది వైపు, నేలలో ఉప్పు వల్ల ఇనుప పైపు త్వరగా తుప్పు పడుతుంది. పదేళ్ల కింద వేసిన ఎర్త్ పిట్ ఇప్పటికీ పనిచేస్తోందని అనుకోకండి, చూపించండి. కార్డు ధరలో ఇదెంత!

విజువల్: యూపీఎస్ వెనక స్టిక్కర్ దగ్గరగా. వీఏ అంకె, వాట్ల అంకె.

తర్వాత యూపీఎస్. స్టిక్కర్ మీద పెద్దగా రాసేది వీఏ, మీకు కావాల్సింది వాట్లు. షాపులో మామూలుగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లే ఇస్తుంది. అది 5080 ఒక్కదానికే సరి, మిగతా పీసీకి ఏమీ మిగలదు. గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే యూపీఎస్ కీచుమని, పీసీతో పాటే ఆరిపోతుంది. 5080 బిల్డ్‌కి మానిటర్‌తో కలిపి ఆరేడు వందల వాట్లు వేసుకోండి. యూపీఎస్ 900 వాట్లు ఇచ్చేది, అదీ ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటులాంటి నున్నటి వేవ్) తీసుకోండి. మంచి ఎస్‌ఎంపీఎస్‌లన్నింటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సాఫీగా లాగే సర్క్యూట్) ఉంటుంది, చవక యూపీఎస్‌ల మెట్ల ఆకారపు వేవ్‌తో వాటిలో కొన్నింటికి పడదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే దాని మీద ఈ పీసీ పెట్టకండి. సైన్ వేవ్‌దైనా మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఎస్‌ఎంపీఎస్ తట్టుకునేది లోడ్‌ని బట్టి సుమారు 12 నుంచి 17 మిల్లీసెకన్లు. యూపీఎస్ మోడ్‌లో పెడితే చాలా ఇన్వర్టర్లు ఆ లోపే మారతాయి, మామూలు మోడ్‌లో మారవు. ఏదైనా సరే, గేమ్ సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికే, ఆడుకోవడానికి కాదు.

ఎస్‌ఎంపీఎస్ విషయంలో ఎన్‌విడియా చెప్పే లెక్క 5070 టీఐకి 750, 5080కి 850, 5090కి 1000 వాట్లు. గోల్డ్ రేటింగ్ (కరెంటు వృథా తక్కువ), ఏటీఎక్స్ 3.1 (కొత్త కార్డులకు తగ్గ ప్రమాణం) ఉన్నది తీసుకోండి. యూపీఎస్‌ని జంక్షన్ బాక్స్‌కి తగిలించకండి, నేరుగా గోడకే. పిడుగులు పడే రోజు ప్లగ్గు తీసేయడం కన్నా మంచి సర్జ్ ప్రొటెక్షన్ లేదు. బయటి నుంచి రాగి తీగల లాన్ కేబుల్ వస్తుంటే అది కూడా ఊడదీయండి.

విజువల్: మెష్ క్యాబినెట్ ముందు ఫిల్టర్. ఊక నుసి పట్టిన పాత ఫిల్టర్ పక్కన.

ఇక గది. రోహిణి కార్తెలో మన గదుల్లో ఏసీ లేకపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసు. గది వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి వేడి కూడా దాదాపు పది పెరుగుతుంది. ఏ కూలరూ గది గాలి కన్నా చల్లగా చేయలేదు. అందుకే ముందు వైపు అంతా గ్లాస్ ఉన్న క్యాబినెట్లు వద్దు, మెష్ ఉన్నవే తీసుకోండి. 9800ఎక్స్‌3డీకి రెండు టవర్ల ఎయిర్ కూలర్ చాలు. లిక్విడ్ కూలర్ బాగానే పనిచేస్తుంది, కానీ పంపు పోతే కొత్తది వచ్చేదాకా పీసీ మూలన పడి ఉంటుంది. ఎయిర్ కూలర్‌కి ఫ్యాన్ పోతే ఏ టౌన్‌లోనైనా మరో ఫ్యాన్ దొరుకుతుంది.

ఏసీ గది అయితే ఈ లెక్క చూసుకోండి. ఒక టన్ను ఏసీ తీసేయగల వేడి సుమారు 3,500 వాట్లు. 5090 పీసీ 800 వాట్లు తింటే ఏసీ శక్తిలో దాదాపు పావు భాగం దానికే పోతుంది.

మిల్లులున్న ఊళ్లలో ఊక నుసి, బూడిద ఫిల్టర్‌కి పట్టేస్తాయి. లోపలికి గాలి లాగే ఫ్యాన్లు బయటికి తోసే వాటి కన్నా ఒకటి ఎక్కువ పెట్టండి, ఫిల్టర్ లేని సందుల్లోంచి దుమ్ము రాదు. వెనక ఖాళీ స్లాట్ల కవర్లు తీసేస్తే మాత్రం బల్లులకు ఇల్లు ఇచ్చినట్టే. అన్నట్టు, తొలకరి రోజుల్లో ఆర్‌జీబీ లైట్లు ఆపేయండి, లేకపోతే ఊళ్లో ఉసిళ్లన్నీ మీ క్యాబినెట్ దగ్గరే ఉంటాయి.

ఉప్పు గాలికి భయపడాల్సింది రోజూ నడిచే పీసీ కాదు, దానిలో వేడి వల్ల చెమ్మ నిలవదు. కొడుకు హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్లాక ఆరు నెలలు గుడ్డ కప్పి ఉంచిన పీసీకే రాగి మీద చిలుము పడుతుంది. వారానికో గంట ఆన్ చేయమని ఇంట్లో చెప్పండి.

కొనేటప్పుడు ప్రతి పార్టుకీ సీరియల్ నంబర్‌తో జీఎస్‌టీ బిల్లు అడగండి, సర్వీస్ సెంటర్ విజయవాడలో ఉందో హైదరాబాద్‌లోనో కనుక్కోండి. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల సముదాయం) బిగించి బస్సులో పంపిస్తామంటే గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి దాని డబ్బాలో విడిగా పంపమనండి. పెద్ద కార్డుల బరువు రెండు కిలోలకు దగ్గర ఉంటుంది, ఆ కుదుపులకు స్లాట్ విరుగుతుంది.

విజువల్: నల్లటి తెర. మదర్‌బోర్డు మీద చిన్న లైటు వెలుగుతూ.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే ఉండిపోవచ్చు. ఏఎం5 బోర్డు ర్యామ్‌ని పరీక్షించుకుంటోంది, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. టెన్షన్ పడి స్విచ్ ఆపకండి. బొమ్మ వచ్చాక బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్ మెనూ) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆన్ చేయండి, మళ్లీ కాసేపు నల్లబడుతుంది, మళ్లీ ఆగండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా కార్డుకి ఉందో లేదో చూడండి. ఆఖర్న విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 60 మీదే ఉండిపోయి ఉంటుంది, 240కి మార్చండి.