మీ ఇంటి కరెంటు లెక్క మాకిస్తే నెలనెలా డబ్బులిస్తామంటే?

[తెర మీద: గోడకున్న కరెంటు మీటరు]

నమస్కారమండి. అమలాపురం పక్కన ఒక ఊరు అనుకుందాం. ఒకతను గేటు దగ్గరకొచ్చి, "అమ్మగారూ, మీ మెయిన్ వైరుకి చిన్న క్లాంపు తగిలిస్తాం. కరెంటు ఎప్పుడు ఎంత కాలుతుందో చూసుకుంటాం. నెలకి మూడొందలు మీ ఖాతాలో వేస్తాం" అన్నాడు. సంతకం పెట్టాలా, వద్దా?

వద్దని చెప్పడానికి నేను రాలేదు. ఈ లెక్కలు నిజంగా అవసరం. మే నెలలో రాత్రి 10 గంటలకి వీధిలో ఏసీలన్నీ ఒకేసారి వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడు పడుతుందో నెలాఖరు బిల్లు చెప్పదు. అందులో ఉండేది మొత్తం యూనిట్లే. గంట గంటకీ ఎంతో తెలిస్తేనే ఎక్కడ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేయాలో, మధ్యాహ్నం వచ్చే సోలార్ కరెంటుని ఏ పనులకి వాడుకోవచ్చో తేలుతుంది. ఆ లెక్క ఇచ్చినవాళ్లకి డబ్బివ్వడం న్యాయమే. నా పేచీ అంతా ఆ డబ్బుతో ఏం కొంటున్నారన్న దగ్గరే.

[తెర మీద: ఒక ఇంట్లో ఒక రోజు కరెంటు వాడకం, గీతగా]

ఈ గీత చూడండి. పొద్దున్న 5:30కి అమాంతం లేచి, 10 నిమిషాలు అలాగే ఉండి, పడిపోయింది. ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారది. 7 గంటలకి సన్నగా పైకి లేచి దిగిందే, అది మిక్సీ. ఇడ్లీలోకి చట్నీ చేస్తున్నారన్నమాట. కింద రోజంతా కాసేపు లేస్తూ కాసేపు తగ్గుతూ ఉన్నది ఫ్రిజ్. ఏ వస్తువుకీ విడిగా సెన్సర్ పెట్టకుండా, మెయిన్ దగ్గర కొలిచిన ఒక్క గీతలోంచే ఇవన్నీ విడదీయొచ్చు. ఇది కొత్త విద్యేం కాదు. అమెరికాలో ఎంఐటీలో జార్జ్ హార్ట్ 1980లలోనే దీని మీద పనిచేసి, 1992లో వ్యాసం ప్రచురించారు.

అసలు కిటుకు ఎంతసేపటికోసారి కొలుస్తున్నారన్నదే. 750 వాట్ల మిక్సీ 4 నిమిషాలు తిరిగితే కాలేది 0.05 యూనిట్. అరగంటకోసారి కొలిస్తే అది మొత్తంలో కలిసిపోతుంది, ఎవరికీ కనబడదు. సెకనుకోసారి కొలిస్తే మాత్రం మిక్సీ ఎప్పుడు వేశారో, మధ్యలో ఎన్నిసార్లు ఆపారో కూడా తెలిసిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోడు చూడటానికి అరగంట లెక్క చాలండి. సెకను లెక్క కావాలంటే, దేనికో వాళ్లు విడమరిచి చెప్పాలి.

అరగంట లెక్కలోనూ దాగనివి ఉంటాయి. కోనసీమలో ఎన్నో ఇళ్లలో పిల్లలు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు, ఇంట్లో పెద్దవాళ్లిద్దరే. రాత్రి 2 గంటలకి వాడకం లేస్తుంది, మళ్లీ 4 గంటలకి లేస్తుంది, వారం రోజులు ఇదే వరస. ఎవరికో ఒంట్లో బాగాలేదని ఊహించడం కష్టమా? ఫ్రిజ్ తప్ప ఇంకేదీ ఆడట్లేదంటే ఇంటికి తాళం వేసి ఊరెళ్లారు. ఆ సంగతి పక్కింటివాళ్లకి తెలిస్తే ఇల్లు కనిపెట్టుకుని ఉంటారు. ఎక్కడో సర్వర్‌లో ఉంటే ఎవరి కంట పడుతుందో మనకి తెలియదు.

భీమవరం వైపు రొయ్యల చెరువు మీటరు కూడా కలిపి అడిగితే మరీ జాగ్రత్త. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరేటర్లు తిప్పుతారు. రొయ్య ఎదిగేకొద్దీ తిప్పే గంటలూ పెరుగుతాయి. ఆ గంటల్ని వరసగా చూసినవాడు పట్టుబడి ఎప్పుడుంటుందో ఇట్టే పసిగడతాడు. ఇక రేటు మాట్లాడేటప్పుడు ఎవరిది పైచేయి అవుతుంది?

అందుకే దేనికి వాడతారన్నది అంత ముఖ్యం. అమెరికాలో నేపర్‌విల్ అనే ఊరి స్మార్ట్ మీటర్ల కేసులో 2018లో అప్పీలు కోర్టు, 15 నిమిషాలకోసారి ఇంటి లెక్క తీసుకోవడం సోదా కిందికే వస్తుందని చెప్పింది. కరెంటు సరఫరా పనికే కాబట్టి సమంజసమేనని ఒప్పుకుంది. అదే లెక్క నేరవిచారణకి వాడితే తమ అభిప్రాయం మారొచ్చని కూడా అంది. మన దగ్గర ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి ఏ పనికో ఆ పనికే. ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకి 18 నెలల గడువిచ్చారు. ఈలోపు మన జాగ్రత్త మన కాగితంలోనే ఉండాలి.

[తెర మీద: రెండు ఇళ్లు, పక్కపక్కన]

ఇప్పుడు డబ్బు సంగతి. కొబ్బరికాయలు దింపి అమ్మితే మళ్లీ దింపుకి మళ్లీ బేరం ఉంటుంది. డేటా ఒకసారి చేయి దాటితే ఎన్ని కాపీలవుతుందో, ఎన్నిసార్లు చేతులు మారుతుందో! కాబట్టి అమ్మకంగా రాయించుకోకండి. ఫలానా పనికి, ఫలానా నెలలకి వాడుకోనిస్తున్నామని రాయించండి. మధ్యలో మానేస్తే అప్పటిదాకా ఇచ్చిన డబ్బు వెనక్కి అడగరని, తీసుకున్న లెక్క చెరిపేస్తారని కూడా ఉండాలి.

అందరికీ ఒకే 300 ఇవ్వడంలోనూ తిరకాసుంది. నెలకి 600 బిల్లు వచ్చే ఇంటికి 300 అంటే సగం బిల్లు, కాదనడం కష్టం. నాలుగు ఏసీలున్న ఇంటికి అది లెక్కలోకే రాదు, వాళ్లు చేరరు. చివరికి ఫ్యాన్లున్న ఇళ్ల గుట్టు బయటపడుతుంది, ఏసీల లోడు మాత్రం ఎవరికీ తెలియదు. ఆ డేటా నమ్మి ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే మే నెలలో మళ్లీ ఫ్యూజులే. అందుకే ముందు ఇళ్లని అన్ని రకాల్లోంచీ ఎంచుకుని, ఆ తర్వాతే డబ్బు మాట్లాడాలి. వద్దన్న ఇంటిని రేటు పెంచుతూ వేధించకూడదు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. మన ఊళ్లలో కనెక్షన్ ఇంకా తాతగారి పేరుమీదే ఉంటుంది. పైవాటాలో అద్దెకున్నవాళ్లు సబ్ మీటరు పెట్టుకుని ఇంటివాళ్లకి కడతారు. క్లాంపు మెయిన్‌కి తగిలిస్తే వాళ్ల నిద్రవేళలూ, వంటవేళలూ ఆ గీతలోకే వస్తాయి. డబ్బు మాత్రం ఓనరు ఖాతాలో పడుతుంది. అలాంటి ఇంట్లో పైవాటా వాళ్లు ఒప్పుకోనిదే క్లాంపు పెట్టకూడదు. ఒప్పుకుంటే 300లో వాళ్ల వాటా వాళ్లకే వెళ్లాలి.