కవలలకు తల్లిపాలు: పిండడం, పంపు వాడడం, ఇద్దరినీ పట్టడం

[తెర మీద: మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్న తల్లి. రెండు పక్కలా దిండ్లు, వాటి మీద ఇద్దరు పిల్లలు.]

"ఒక్కరికే పాలు సాలక సస్తుంటే, ఇద్దరికి యాడికెళ్లి వస్తయి?" నల్గొండలోనైనా, అచ్చంపేట పక్కన తండాలోనైనా, కవలలు పుట్టిన ఇంట్లో మొదటి పూటే వినపడే మాట ఇది. చాలామంది తల్లులకు ఇద్దరికీ సరిపడా పాలు పడతాయి. కాకపోతే రొమ్ము ఎన్నిసార్లు ఖాళీ అయితే అన్ని పాలు తయారవుతాయి. పాలు లోపలే నిలిచిపోతే తయారీ తగ్గుతుంది. ఒక పూట డబ్బాపాలు పట్టి, ఆ పూట రొమ్ము ఖాళీ చేయకుండా వదిలేస్తే, ఆ మేరకు మీ పాలు తగ్గడం మొదలవుతుంది. మొదటి 2 వారాలు అందుకే అంత ముఖ్యం.

మొదటి రోజు బిడ్డకు ఒక్కసారికి కావలసింది ఒక చిన్న చెంచాడు, 5 మిల్లీలీటర్ల చుట్టుపక్కల. ధారగా రావడం లేదని కంగారు పడొద్దు. దూడ పుట్టగానే ముర్రుపాలు తాగించకపోతే అది నిలవదని బర్రెలున్న ప్రతి ఇంటికీ తెలుసు. అదే ఇంట్లో బాలింత దగ్గరికి వచ్చేసరికి "పసుపుగ ఉన్నయి, పిండి పారబొయ్యి" అంటారు. ఒక్క చుక్క కూడా పారబోయొద్దు. వాటి బదులు తేనె నాకించడం, చక్కెర నీళ్లు, వీధిలో అమ్మే గాడిద పాలు అసలే వద్దు. తేనెతో పసిబిడ్డకు ప్రాణం మీదికి తెచ్చే జబ్బు రావచ్చు.

కవలలు తరచుగా నెలలు నిండకముందే పుడతారు. 34 వారాల లోపు పుట్టిన బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒక వరుసలో కుదరవు. పిల్లలు ఎస్‌ఎన్‌సీయూలో (నెలలు నిండని, జబ్బుపడిన పసిబిడ్డలను చూసే ప్రత్యేక వార్డులో), తల్లి వేరే వార్డులో ఉంటే ఆగకుండా కాన్పైన గంటలోనే పాలు పిండడం మొదలుపెట్టాలి, ఎంత ఆలస్యమైనా 6 గంటలు దాటొద్దు. అది కూడా చేత్తోనే. ముర్రుపాలు చిక్కగా ఉంటాయి కాబట్టి పంపు పెడితే వచ్చిన ఆ 2 మిల్లీలీటర్లూ రొమ్ముకు ఆనించే గరాటుకే అంటుకుపోతాయి.

[దగ్గరగా: తల్లి చెయ్యి, రొమ్ము, కింద ఉడికించి ఆరబెట్టిన చిన్న స్టీలు గిన్నె.]

చేతులు సబ్బుతో కడుక్కోండి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొన మొదలు నుంచి రెండు వేళ్ల వెడల్పు వెనక్కి పెట్టండి. ముందు రెండు వేళ్లనూ ఛాతీ వైపు లోపలికి నెట్టండి, తర్వాత ఒకదాని వైపు ఒకటి నొక్కండి, వదలండి. నెట్టు, నొక్కు, వదులు. వేళ్లు చర్మం మీద జారకూడదు. జారితే చర్మం ఒరుసుకుని మండుతుంది, పాలు మాత్రం రావు. చనుమొననే పట్టి గుంజినా రావు. పాలు నిండి ఉండే చోటు దానికి వెనక ఉంది. మొదటి నిమిషం, రెండు నిమిషాలు ఏమీ కనపడకపోవచ్చు, ఆపకండి. ఒకచోట తగ్గాక వేళ్లను గడియారం ముల్లులా కొంచెం తిప్పి పెట్టండి. ఒక్కో రొమ్ముకు 5 నిమిషాలు, మళ్లీ మొదటిదానికి రండి.

రోజుకు 8 నుంచి 10 సార్లు పిండాలి. రాత్రి ఒక్కసారైనా లేవాలి, ఎందుకంటే పాలు తయారుచేసే హార్మోన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది. "బాలింతను పండుకోనియ్యుండ్రి" అనే పెద్దవాళ్లకు ఒక మాట: ఆమెను లేపి, నీళ్లచెంబు అందించి, పిండిన తర్వాత గిన్నెలు కడిగిపెట్టేది మీరైతే ఆమె నిద్ర అరగంటే పోతుంది.

మూడు, నాలుగు రోజులకు పాలు పలచబడి ఎక్కువవుతాయి. పంపు పని ఇప్పుడు మొదలు.

[దగ్గరగా: పంపు భాగాలు తెల్లబట్ట మీద. గరాటు, వాల్వు, గొట్టం, సీసా.]

ముందు గరాటు కొలత. చాలా పంపులతో 24 మిల్లీమీటర్ల గరాటే వస్తుంది, అది అందరికీ సరిపోదు. చనుమొన మొదట్లో అడ్డంగా స్కేలు పెట్టి కొలవండి, దానికి 1 నుంచి 3 మిల్లీమీటర్లు కలపండి. పంపు నడుస్తుంటే చనుమొన ఒక్కటే లోపల కదలాలి. చుట్టూ ఉన్న నల్లని భాగమంతా లోపలికి పోతుంటే గరాటు పెద్దది. చనుమొన గోడలకు రాసుకుని తెల్లబడితే చిన్నది.

మొదటి 2 నిమిషాలు తక్కువ గుంజుడుతో, వేగంగా. పాలు దిగడం మొదలయ్యాక నెమ్మదిగా, నొప్పి లేనంతవరకు పెంచండి. ఎక్కువ పెడితే ఎక్కువ వస్తాయనుకోవడం పొరపాటు. నొప్పి పుడితే పాలు దిగడమే ఆగుతుంది. మొత్తం 15 నుంచి 20 నిమిషాలు. రెండువైపులా ఒకేసారి పెట్టే పంపైతే సమయం సగం మిగులుతుంది, కవలల తల్లికి అదే పెద్ద లాభం. చివర్లో చేత్తో మెల్లగా ఒత్తితే ఇంకొన్ని వస్తాయి.

నిన్నటిదాకా గుంజిన పంపు ఇవాళ గుంజడం లేదంటే మోటారు పోయిందని అనుకోకండి, ముందు వాల్వు తీసి వెలుతురులో చూడండి. సన్నని రబ్బరు ముక్క, నడుమ చిన్న చీలిక. బ్రష్షుతోనో పిన్నుతోనో తోమితే ఆ చీలిక సాగిపోయి గాలి తప్పించుకుంటుంది. మారిస్తే చాలు. గొట్టంలో తేమ చేరితే సీసా తీసేసి పంపును కొద్దిసేపు ఉత్తగా నడపండి. పాలు తగిలిన భాగాలను ముందు చల్లనీళ్లతో, తర్వాత వేరే గిన్నెలో సబ్బు నీళ్లతో కడగాలి, రోజుకోసారి 5 నిమిషాలు మరిగించాలి. కరెంటు పోతే చేత్తో నొక్కి పాలు తీసే పంపు ఉండనే ఉంది, మీ చెయ్యి కూడా ఉంది.

ఎన్ని పాలు కావాలి? వారం దాటిన బిడ్డకు కిలో బరువుకు రోజుకు 150 మిల్లీలీటర్లు లెక్క. ఒకరు 2 కిలోలు, ఇంకొకరు 1.8 కిలోలు అనుకుంటే 300, 270, మొత్తం 570. రెండు గంటలకోసారి పడితే పెద్దవాడికి 25, చిన్నదానికి 22 చొప్పున. 2 వారాలు నిండేసరికి రోజుకు 750 మిల్లీలీటర్లు దాటితే మీకు మంచి పునాది పడినట్టే.

పిండినవి ఉగ్గుగిన్నెతో పట్టండి, సీసా వద్దు. బిడ్డను సగం కూర్చోబెట్టినట్టు ఎత్తి పట్టుకోండి. గిన్నె మూతిని కింది పెదవి మూలకు తాకించి కొద్దికొద్దిగా, మింగాకే మళ్లీ. పండుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

[తెర మీద: రొమ్ముకు పట్టుకున్న బిడ్డ ముఖం.]

ఇద్దరినీ ఒకేసారి పట్టాలంటే ఇద్దరినీ చంకల కింద పెట్టుకోండి, కాళ్లు మీ వీపు వైపుకు, తలలు మీ అరచేతుల్లోకి. సిజేరియన్ కుట్ల మీద బరువు పడదు. ముందు గట్టిగా చప్పరించే బిడ్డను పట్టండి. ఆ బిడ్డ చప్పరించేసరికి రెండోవైపు కూడా పాలు దిగుతాయి, బలహీనంగా ఉన్న బిడ్డకు పని తేలికవుతుంది. రోజుకోసారి వైపులు మార్చండి. నోరు పెద్దగా తెరిచి, గడ్డం రొమ్ముకు తాకి, కింది పెదవి బయటికి తిరిగి ఉంటేనే పట్టు కుదిరినట్టు. చనుమొన కొసను మాత్రమే పట్టుకుంటే పగుళ్లు వస్తాయి, పాలూ రావు. అప్పుడు చిటికెనవేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ పట్టండి.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గదిలో పిండిన పాలు ఎక్కువసేపు ఉండవు. 25 డిగ్రీల గదిలో 4 గంటలు అంటారు, మన వేసవి గదులు ఆ లెక్కలోకి రావు. పిండగానే పట్టండి, లేదా ఫ్రిజ్‌లో లోపలి గోడ దగ్గర పెట్టి ఒక రోజులో వాడేయండి. తలుపు అరలో పెట్టొద్దు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా పెట్టి వేడి చేయాలి, పొయ్యి మీద కాదు.

ఒక మాట ఈ ప్రాంతానికే. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు బోరు నీళ్లలో పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ ఉంటుంది. తల్లి తాగినా అది పాలలోకి చాలా తక్కువగా దిగుతుంది. ఆ నీళ్లతో డబ్బాపాలు కలిపితే నేరుగా బిడ్డ కడుపులోకి పోతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. డాక్టరు చెప్పి డబ్బాపాలు తప్పకపోతే మిషన్ భగీరథ నీళ్లు (ప్రభుత్వం శుద్ధి చేసి కుళాయిల్లో ఇచ్చేవి) మరిగించి చల్లార్చి వాడండి.

పథ్యం పేరుతో తల్లికి నీళ్లు తగ్గించొద్దు. పప్పు, జొన్నరొట్టె, గుడ్డు, ఆకుకూర అన్నీ తినవచ్చు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు బాలింతలకూ ఇస్తారు, వదులుకోకండి.

రొమ్ము ఒకవైపు ఎర్రబడి, గట్టిపడి, చలిజ్వరం వస్తే పాలు ఆపకుండా అదేరోజు డాక్టరుకు చూపించండి. పిల్లలకు ఐదోరోజు తర్వాత రోజుకు 6 సార్లు కంటే తక్కువ మూత్రం పోస్తుంటే, పాలకు లేవకుండా మత్తుగా ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వస్తుంది. ప్రతిసారీ ఇద్దరినీ వేర్వేరుగా తూయించి, బరువు రాయించండి. రోజుకు 20 నుంచి 30 గ్రాములు ఇద్దరూ పెరుగుతూ, రొమ్ము దగ్గరే తృప్తిగా తాగుతుంటే అప్పుడు పంపును రెండు మూడు రోజులకు ఒక్కో పూట చొప్పున తగ్గించండి. రాత్రి పూటను అన్నిటికంటే చివర తగ్గించండి.